కొసరుకి అనుమతి లేదు

మా ఇంట్లో ఆవాలు అయిపోయాయన్న సంగతి నూనె కాగాక తెలుస్తుంది. పంచదార లేదని చుట్టాలు వచ్చి కూర్చున్నాక తెలుస్తుంది. గ్యాస్ మాట సరేసరి, పాలు పొంగబోయే క్షణం దాకా ఆ సిలిండర్ మనసులో ఏముందో ఎవరికీ తెలియదు. మా అమ్మ ఇలాగే ఇల్లు నడిపింది. ఇప్పుడు మా ఆవిడా ఇలాగే నడుపుతోంది. ఎవరూ పస్తులు పడుకున్న దాఖలా లేదు. అయినా నాకది పద్ధతిగా అనిపించలేదు. నేను మేనేజర్ని కదా.

మేనేజర్ అంటే, పని చేసేవాళ్లు చేసిన పనిని పట్టికల్లో పెట్టి పైవాళ్లకి చూపించేవాణ్ణి. సొంతంగా కంప్యూటర్ ముందు కూర్చుని ఒక కమాండ్ కొట్టి చాలా ఏళ్లయింది. ఆఫీసులో కుర్రాళ్లు "సార్, మీ టైంలో ఎలా చేసేవారు?" అని మర్యాదగా అడుగుతుంటే, నా టైం అయిపోయిందని అర్థమై ఎక్కడో కలుక్కుమంటుంది. ఆ కలుక్కు తీర్చుకోవడానికి నాకు దొరికిన చోటు మా వంటిల్లు.

సరుకు, సొమ్ము, మనుషులు, బాకీలు, అన్నిటినీ ఒకే లెక్కలో ముడివేసే సాఫ్ట్‌వేర్‌ని ఈఆర్‌పీ అంటారు. ఐబీఎం నుంచి బయటికొచ్చిన అయిదుగురు ఇంజనీర్లు 1972లో జర్మనీలో ఎస్ఏపీ పెట్టిన దగ్గర్నుంచి ఇది పెద్ద కంపెనీల భోగం. లైసెన్సులు, కన్సల్టెంట్లు, కోట్ల లెక్క. అయితే ముంబైలోని ఫ్రాపే అనే సంస్థ తయారుచేసిన ఈఆర్‌పీనెక్స్ట్ అని ఒకటుంది. దాని మూల సంకేతాలన్నీ బహిరంగం, జీపీఎల్ లైసెన్సు, దింపుకుని సొంత సర్వర్ మీద పెట్టుకుంటే పైసా కట్టక్కర్లేదు. దాన్ని మొదలుపెట్టిన రుషభ్ మెహతా తమ కుటుంబపు ఫర్నిచర్ వ్యాపారం లెక్కల తిప్పలు పడుతూ ఈ దారి పట్టాడని ఎక్కడో చదివాను. అందులో 'ఫర్నిచర్ వ్యాపారం' అన్న మాటలు నా కంటికి ఆనలేదు. 'కుటుంబపు' అన్నదొక్కటే ఆనింది. కుటుంబం మాకూ ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఆవిడ ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తుంది. ట్యాలీ ఆవిడకి కళ్లు మూసుకుని వస్తుంది. ఇంట్లో లెక్కల సర్వర్ పెట్టబోయే మనిషి ఇంట్లోనే ఉన్న అకౌంటెంటుని ఒక్క మాట అడగాలి కదా అని మీకు తట్టింది. నాకు తట్టలేదు. నాకు ఏ ఖాతా డెబిట్టో ఏది క్రెడిట్టో ఇప్పటికీ ఊహించి చెప్పాల్సిందే. ఆ ఊహ సగం సార్లు నిజమవుతుంది కూడా, ఉన్నవి రెండే కాబట్టి.

సర్వర్ అంటే ఏదో గదినిండా యంత్రాలు కావు. మా అమ్మాయి చదువు అయ్యాక మూల పడేసిన లాప్‌టాప్, 4 జీబీ మెమరీ. దాన్ని హాల్లో ఇన్వర్టర్ పక్కన బల్ల మీద పెట్టి ఉబుంటు 22.04 ఎక్కించాను. ఈఆర్‌పీనెక్స్ట్ 15వ వెర్షన్‌కి కావలసినవి కాగితం మీద రాసుకున్నాను: పైథాన్ ఇంత వెర్షన్, నోడ్ అంత వెర్షన్, మరియాడీబీ, రెడిస్, యార్న్, బిల్లుల్ని పీడీఎఫ్‌గా మార్చే మరో ప్రోగ్రాం. ఆ మరో ప్రోగ్రాం వాళ్లు 2023లోనే దుకాణం కట్టేశారు, అయినా దాని పాత కాపీ, అదీ ప్రత్యేకంగా అతుకువేసిన కాపీ, తెచ్చిపెట్టుకోవాలి. మా అమ్మ ఆ కాగితం తీసుకుని కళ్లజోడు సర్దుకుని చూసి, "సత్యనారాయణ వ్రతం సామాన్ల చీటీ ఇంతకంటే చిన్నదిరా" అంది. నిజమే. వ్రతం సామాన్లలో తమలపాకులకీ వక్కలకీ వెర్షన్లు కుదరక పేచీ రావడం కూడా నేనెప్పుడూ చూడలేదు.

మరియాడీబీ దగ్గర కొంచెం ఆగాను. మైఎస్‌క్యూఎల్ చేసిన ఫిన్లాండ్ ఆయన మాంటీ విడెనియస్ దానికి పెద్దకూతురు 'మై' పేరు పెట్టాడు. తర్వాత దాన్నుంచి విడదీసి కొత్తది చేసినప్పుడు చిన్నకూతురు మరియా పేరు పెట్టాడు. ఇది చాలా ముచ్చటైన సంగతిగా తోచి మా ఆవిడకి చెప్పాను. "ఆయన కూతుళ్ల పేర్లు డేటాబేసులకి పెట్టుకున్నాడు. మీరు మన పిల్ల పేరు అన్నిటికీ పాస్‌వర్డ్‌గా పెడతారు" అంది, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ. ఈ మాటలో ఎంత ప్రమాదం ఉందో నాకు అప్పుడు తెలియలేదు. పాస్‌వర్డ్ అయితే అదే పెట్టాను.

మరియాడీబీ అమరికల ఫైలులో అక్షరాల పద్ధతి మార్చమంది ఈఆర్‌పీనెక్స్ట్. తెలుగులో ఒక్కో అక్షరపు ముక్కకి మూడు బైట్లు పడతాయి. 'ఆవకాయ' అని రాస్తే 15 బైట్లు. పాత పద్ధతి మూడు బైట్ల దాకా ఓర్చుకుంటుంది, నాలుగు బైట్లు పట్టే బొమ్మ గుర్తులొస్తే చేతులెత్తేస్తుంది. మేం వంటింటి మనుషులం, మాకు బొమ్మలెందుకు అనుకున్నాను గానీ, ఆ వరస మార్చకపోతే ముందుకు కదలనంది. మార్చాను. ఆ తర్వాత మా అమ్మాయి బెంగుళూరు నుంచి వచ్చినప్పుడు సరుకుల పట్టికలో చేసిన మొదటి పని, వంకాయ పక్కన వంకాయ బొమ్మ పెట్టడం.

అసలు కష్టం తెర మీది రంగూ రూపూ కూర్చే ఘట్టంలో వచ్చింది. కమాండ్ కొట్టి కాఫీ తాగి వచ్చేసరికి తెర మీద ఒకే ఒక్క మాట: కిల్డ్. ఎవరు చంపారో, ఎందుకు చంపారో లేదు. లినక్స్‌లో మెమరీ నిండుకున్నప్పుడు యంత్రం మొత్తం పడిపోకుండా ఉండాలని కెర్నెల్ ఎవరినో ఒకరిని ఎంచుకుని బలి ఇస్తుంది. ఎక్కువ తింటున్నవాడినే సాధారణంగా ఎంచుకుంటుంది. అది చదివాక డిస్కులో కొంత చోటు మెమరీ కింద వాడుకోమని రాసిచ్చాను. పని రాత్రంతా సాగింది. ఫ్యాను మోతకి మా అమ్మ లేచి వచ్చి, "మిక్సీ ఆపరా" అని చెప్పి వెళ్లి పడుకుంది.

ఎట్టకేలకు లాగిన్ పేజీ కనబడింది. ఆ పేజీ చూడమని ఇంటిల్లిపాదినీ పిలిచాను. సైట్ పేరు 'ఇల్లు డాట్ లోకల్' అని ప్రేమగా పెట్టుకున్నాను. మా ఆవిడ తన ఫోన్లో నేను చెప్పిన అంకెల చిరునామా కొట్టింది. కాసేపు చూసి, "మన ఇల్లు లేదంటోందండీ" అంది. ఫ్రాపే వాళ్ల సాఫ్ట్‌వేర్ ఒకే యంత్రం మీద చాలా సైట్లని నడపగలదు. వచ్చినవాళ్లు ఏ పేరు పెట్టి పిలిచారో చూసి ఆ సైట్ తెరుస్తుంది. పేరు లేకుండా అంకెలతో పిలిస్తే అలాంటివాళ్లు ఇక్కడ లేరంటుంది. ఈ సంగతి నేను వివరించి, సరిచేసి, తలెత్తి చూసేసరికి హాల్లో మా అమ్మ ఒక్కత్తే ఉంది. ఆవిడ సీరియల్ కోసం కూర్చుంది.

ఆ తర్వాత సర్వర్ రోజూ ఒకే వేళకి, పొద్దున పది గంటలప్పుడు, చచ్చిపోవడం మొదలుపెట్టింది. నేను లాగ్‌లు తవ్వాను. షెడ్యూలర్‌ని అనుమానించాను, రెడిస్‌ని అనుమానించాను, ఇన్వర్టర్‌ని అనుమానించాను. ఆఖరికి ఒకరోజు ఇంట్లో ఉండి కాపు కాశాను. పది గంటలకి మా అమ్మ పూజ ముగించుకుని, హాల్లోకి వచ్చి, గుడ్డతో బల్ల తుడిచి, తెరిచి ఉన్న లాప్‌టాప్ మూత మూసింది. "దుమ్ము పడుతుందిరా" అంది. మూత మూస్తే నిద్రపోవడం లాప్‌టాప్ స్వభావం. లాగిన్‌డీ అనే ఫైల్లో 'హ్యాండిల్ లిడ్ స్విచ్' అన్న వరస ఎదురుగా 'ఇగ్నోర్' అని రాస్తే, మూత మూసినా పట్టించుకోదు. అలా రాశాను. మా అమ్మ ఇప్పుడు మూత మూసి, దాని మీద చేతిగుడ్డ కూడా కప్పుతోంది.

ఇక అమరికలు. కంపెనీ పేరేమిటని అడిగింది. ఇంటిపేరుకి 'కుటుంబం' తగిలించాను. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుందని అదే చూపించింది. మా అమ్మ ఒప్పుకోలేదు. "ఉగాది రోజున కదా కొత్త లెక్క మొదలుపెట్టాలి!" న్యాయమే. 2025లో ఉగాది మార్చి 30న వచ్చింది, 2026లో మార్చి 19న. ఆ రెంటి మధ్యా ఉన్నది 354 రోజులు. అది సంవత్సరం కాదు పొమ్మంది సాఫ్ట్‌వేర్, సంవత్సరం అంటే పన్నెండు నెలలు నిండాలట. వెతగ్గా వెతగ్గా 'పొట్టి లేక పొడుగు సంవత్సరం' అని టిక్కు పెట్టుకునే గడి ఒకటి కనిపించింది. సంతోషించే లోపు మా అమ్మ పంచాంగం తిప్పి, ఈ పరాభవలో అధిక జ్యేష్ఠం ఉందంది. అంటే మార్చి 19 నుంచి 2027 ఏప్రిల్ 7న వచ్చే ఉగాది దాకా 384 రోజులు. ఒక ఏడు పొట్టి, ఒక ఏడు పొడుగు, ఏటా టిక్కులు పెట్టుకుంటూ తేదీలు మార్చుకుంటూ కూర్చోవడం నా వల్ల కాదు. ఏప్రిల్ 1కే ఖాయం చేశాను. మా అమ్మ దృష్టిలో ఆ సర్వర్ ఆ రోజు నుంచీ మ్లేచ్ఛమైంది.

గిడ్డంగులు తనంతట తనే మూడు నాలుగు పెట్టిచ్చింది. సరుకు నిల్వ అంటే అటక. తయారీలో ఉన్న సరుకు అంటే పొయ్యి. తయారైన సరుకు అంటే ఫ్రిజ్. ఇక్కడి దాకా ఎంత చక్కగా అమిరిందంటే, నా దూరదృష్టికి నాకే ముచ్చటేసింది. జీఎస్టీ కోసం విడిగా ఉన్న యాప్ కూడా వేశాను. దాంతో ప్రతి సరుకుకీ హెచ్ఎస్ఎన్ కోడ్ కావాలంది. బియ్యం 1006, ఎండుమిరపకాయలు 0904, పసుపు 0910, ఉప్పు 2501. మా ఇంటి నుంచి ఎవరికీ ఏదీ అమ్మడం లేదు, జీఎస్టీ కట్టే అవసరమూ లేదు. అయినా రాత్రి భోజనాలప్పుడు "ఆ 2501 ఇటివ్వు" అన్నాను. మా ఆవిడ ఇవ్వలేదు.

కొబ్బరికాయ దగ్గర పేచీ వచ్చింది. అది లెక్కపెట్టే సరుకు, లెక్కపెట్టే సరుకులకి భిన్నాలు ఒప్పుకోదు. గుడికి ఒక కాయ వెళుతుంది, ఒక చిప్ప తిరిగొస్తుంది. సగం కాయ రాబడి రాయబోతే, ముక్కలు కుదరవు, పూర్తి సంఖ్య చెప్పమంది. చిప్పని వేరే సరుకుగా నమోదు చేసి, కాయ ఒకటి ఖర్చు, చిప్ప ఒకటి తయారీ అని రాశాను. ఆ లెక్క ప్రకారం మా ఊరి ఆంజనేయస్వామి గుడి మాకు కొబ్బరికాయల ప్రాసెసింగ్ యూనిట్.

కొలతలు ఇంకో కథ. బియ్యం కొనేది కిలోల్లో, వండేది మా అమ్మ గిద్దెతో. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఈ వంశవృక్షాన్నంతా మార్పిడి పట్టికలో ఎక్కించాను, ఎవరూ అడక్కపోయినా. గిద్దెని కిలోలోకి మార్చబోయేసరికి, కొలిచేది చోటునా బరువునా అన్న ప్రశ్న వచ్చింది. పాత బియ్యానికీ కొత్త బియ్యానికీ గిద్దెడు తూకం ఒకటి కాదు. పైగా మా అమ్మ గిద్దె తలకొట్టి కొలవదు, గోపురంగా పోస్తుంది. ఆ గోపురం ఎత్తు ఆ పూట ఎంతమంది వస్తున్నారనేదాన్ని బట్టి ఉంటుంది.

ఫ్యాక్టరీలో ఒక వస్తువు చెయ్యడానికి ఏ ముడిసరుకు ఎంత పడుతుందో రాసుకునే పట్టీని బామ్ అంటారు. ఇది ఉంటే చాలు, ఎన్ని పూటలు పప్పుచారు పెడతామో చెబితే ఎంత కందిపప్పు కొనాలో అదే చెబుతుంది. నేను నోట్‌బుక్ పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడ్డాను.

"అమ్మా, ఉప్పు ఎంత?"

"తగినంత."

"అంటే ఎన్ని గ్రాములు?"

"ఎన్ని గ్రాములేమిట్రా? చెయ్యి చెబుతుంది."

చెయ్యి చెప్పేది వినడానికి చిన్న తూకం కొన్నాను. ఆవిడ ఉప్పు తీసిన ప్రతిసారీ పిడికిలి కింద పెట్టి తూచాను. ఒక్కో పూట ఒక్కో అంకె. చారు మాత్రం ఏ పూటా ఉప్పనా కాలేదు, చప్పనా కాలేదు. సగటు తీసి, ఒక ఆదివారం ఆ సగటు ఉప్పుతో నేనే పప్పుచారు పెట్టాను. ఎవరూ ఏమీ అనలేదు. మా అమ్మ మజ్జిగన్నం మొదలుపెట్టింది. తర్వాత తెలిసింది, ఆ వారం వాడింది కొత్త చింతపండట, పులుపు వేరట, దానికి తగ్గట్టు ఉప్పు మారుతుందట. నేనేమో సరుకు విలువ కట్టే పద్ధతిగా ముందు వచ్చింది ముందు పోయేదాన్ని పెట్టి ఉన్నాను. దాని ప్రకారం మేం ఇంకా పాత చింతపండే వాడుతున్నాం.

ఇక కొసరు. అసలు నా సర్వర్ ఓడిపోయింది ఇక్కడ.

కూరగాయలకి నేను కూకట్‌పల్లి రైతుబజారుకి వెళతాను. దళారీ లేకుండా రైతే నేరుగా అమ్ముకోవాలని 1999 జనవరిలో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో మొదలుపెట్టిన బజార్లవి. ధరల బోర్డు ఉంటుంది, తూకాలుంటాయి, అంతా పద్ధతిగా ఉంటుంది. నాకు నచ్చే చోటు. కొనుగోలు ఆర్డరు, ఆఫీసు భాషలో పీఓ, ముందే ప్రింటు తీసుకుని వెళ్లాను. అందులో తెలుగు అక్షరాల బదులు వరసగా ఖాళీ డబ్బాలు వచ్చాయి. సర్వర్లో తెలుగు ఫాంటు వేయలేదు కాబట్టి పీడీఎఫ్ చేసేదానికి తెలుగు కనబడలేదు. ఆ డబ్బాల కాగితం చూసి బెండకాయల ఆవిడ, "ఏంది సారూ ఇది, కోర్టు కాయితమా?" అంది. నోటితోనే చెప్పాను. కిలో తూచింది. తూచి, ఇంకో గుప్పెడు పైన వేసింది. వేసి, కరివేపాకు రెబ్బలు రెండు తుంచి సంచీలో పడేసింది.

ఇంటికొచ్చి సరుకు రాబడి రాశాను. తూకం వేసి మరీ రాశాను, కిలో మీద డెబ్భై గ్రాములు ఎక్కువ. ఒప్పుకోలేదు. ఆర్డరు ఇచ్చింది కిలో, వచ్చింది కిలో దాటింది, పరిమితి మించింది, కావాలంటే అదనంగా తీసుకోవడానికి ఎంత శాతం అనుమతో అమరికల్లో చెప్పు, అంది. సాఫ్ట్‌వేర్ని అనడానికి లేదు. ఫ్యాక్టరీలో సరఫరాదారు అడగని సరుకు లారీలో కుక్కి పంపి బిల్లు వేస్తే యజమాని మునిగిపోతాడు. అదనంగా ఇచ్చి బిల్లు వేయని మనిషి కూడా ఉంటుందని దానికెవరూ చెప్పలేదు. అమరికల్లోకి వెళ్లి బెండకాయలకి పది శాతం ఇచ్చాను. కరివేపాకుకి ఎంతివ్వాలి? దాన్నసలు ఆర్డరే చెయ్యలేదు. సున్నాకి ఎంత శాతం ఇచ్చినా సున్నాయే.

సరే, కరివేపాకుని నేరుగా రాబడిలో రాద్దామంటే, దీని విలువ ఎంత అంది. ఏమీ లేదన్నాను. విలువ లేని సరుకు లెక్కలోకి రాదంది. సున్నా విలువకి అనుమతించే గడి ఇంకోటి ఉంది, దానికి టిక్కు పెట్టాలట. పెట్టాను. ఆ వేళ మా ఇంటి నిల్వల పట్టికలో అన్నిటికీ విలువ ఉండి, రోజూ ప్రతి కూరలో పడే ఆ ఆకు ఎదురుగా మాత్రం సున్నా నిలబడింది. మా ఆవిడ నా భుజం మీంచి చూసి, "అడక్కుండా పనిచేసేవాళ్లకి వేసే విలువ అంతే లెండి" అని వంటింట్లోకి వెళ్లింది. నేను అది కరివేపాకు గురించే అనుకున్నాను.

చేబదుళ్ల సంగతీ అంతే. పక్కింటావిడ గ్లాసుడు పంచదార పట్టుకెళ్లింది, పండగకి పెట్టెడు సున్నుండలు పంపింది. ఆ పంచదారకీ ఈ సున్నుండలకీ ముడి ఎలా వేయాలో ఎంత వెతికినా దొరకలేదు. ముడి వేయకపోతేనేమో మా పంచదార పక్కింటి వాళ్ల దగ్గర ఎన్నటికీ బాకీ ఉండిపోతుంది. ఉన్నమాట చెబితే, ఆవిణ్ణి లిఫ్టులో చూసినప్పుడల్లా నాకు ఆ బాకీ గుర్తొచ్చేది.

అనుమతుల విషయానికొస్తే, నన్ను నేను సిస్టం మేనేజర్ని చేసుకున్నాను. మా ఆవిడకి సరుకు వాడుకునే హోదా ఇచ్చాను. మా అమ్మ అంతకు తక్కువకి ఒప్పుకోనంటే కొనుగోళ్ల మేనేజర్ని చేశాను, ఆవిడ ఇప్పటిదాకా లాగిన్ కాలేదు గానీ చుట్టాలకి ఆ హోదా చెప్పుకుంటుంది. ఏది కొనాలన్నా అర్జీ పెట్టాలి, నేను ఆమోదించాలి. ఆమోదించడానికి నేను ఇంట్లో ఉండాలి. ఎందుకంటే ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు బయటి ప్రపంచానికి మాకంటూ విడి చిరునామా ఇవ్వలేదు, నలుగురికీ కలిపి ఒకటే. లోపల్నుంచి బయటికి పోవచ్చు, బయటినుంచి లోపలికి రాలేం. దాంతో పొద్దున పాలపాకెట్‌కి పెట్టిన అర్జీ రాత్రి ఆఫీసు నుంచి వచ్చి ఆమోదించేవాణ్ణి. అప్పటికి ఆ పాలు పెరుగు కూడా అయిపోయి ఉండేవి. అర్జీ లేకుండా వచ్చిన పాలు లెక్కలో లేవు కాబట్టి, తోడుపెట్టడానికి నిల్వ లేదని సర్వర్ మొరాయించేది. ఎదురుగా గిన్నెలో గడ్డపెరుగు, తెర మీద ఎర్ర అక్షరాలు. మైనస్‌లోకి వెళ్లనివ్వమంటావా అని ఒక గడి అడుగుతూనే ఉంది. సూత్రం ప్రకారం కుదరదని నేను టిక్కు పెట్టలేదు. సూత్రం ఏమిటో గుర్తులేదు.

మెయిల్ కూడా అమర్చాను. ఇంట్లో ఏది తరిగినా, ఏ అర్జీ ఆగినా అందరికీ కబురు వెళ్లాలి కదా. కబురు వెళ్లాలి గానీ వాటికి ఎదురు జవాబులు రాకూడదు, వస్తే చదువుతూ కూర్చోవాలి. అందుకని 'నో రిప్లై' అన్న పేరుతో చిరునామా పెట్టి, దానికి వచ్చే జవాబులు ఎవరికీ చేరకుండా ఏర్పాటు చేశాను. ఆఫీసులో నేర్చుకున్న విద్యల్లో ఇదొకటి ఇంట్లో పనికొచ్చిందనుకున్నాను.

మార్చి నెలాఖరుకి ఖాతాలు ముగించాలి. నాకు చేతకాలేదు. డెబిట్టు క్రెడిట్టుల దగ్గర నా ఊహ వరసగా తప్పుతోంది. మొహం చెల్లక మా ఆవిణ్ణి ఓ చెయ్యి వెయ్యమన్నాను. "నా హోదాలో ఖాతాలు కనబడవు కదండీ" అంది. పూర్తి హోదా ఇస్తానన్నాను. "అక్కర్లేదు. పాస్‌వర్డ్ నాకు తెలుసు" అంది.

కూర్చుంది. ఖాతాలు పై నుంచి కిందికి చూసింది. నేను పక్కనే నిలబడ్డాను.

"ఈ కొత్త డిస్కు, మెమరీ, యూపీఎస్ బ్యాటరీ, తూకం... ఇవన్నీ స్థిరాస్తుల కింద రాశారే?"

"అవి మన ఆస్తులే కదా."

"పెళ్లిరోజుకి కొన్న నా పట్టుచీర చిల్లర ఖర్చుల కింద ఉంది."

ఏమీ మాట్లాడలేదు నేను. ఆవిడ చీరని ఆస్తుల్లోకి మార్చింది. కంప్యూటర్ల మీద ఆదాయపు పన్ను వాళ్లు ఏడాదికి 40 శాతం తరుగుదల ఇస్తారని నాకు చెప్పింది. చెప్పి, అంతదాకా ఆగడం ఎందుకని, ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్న 'తుక్కు కింద తీసెయ్' అన్న బొత్తాం నొక్కి నా సర్వర్ని ఆ సర్వర్లోనే తుక్కు చేసింది. ఒకసారి సమర్పించిన కాగితాన్ని అందులో దిద్దడం కుదరదు. రద్దు చెయ్యాలి, రద్దు చేసినా పాతది ఎర్ర గుర్తుతో అలాగే కనబడుతుంది. కాబట్టి నోరు మూసుకున్నాను.

ఆ సాయంత్రం ఆవిడ ఇంకా కాసేపు కూర్చుంది. సరఫరాదారుల మార్కుల పట్టీ అని ఒకటుంది ఈఆర్‌పీనెక్స్ట్‌లో. ఎవరు వేళకి తెస్తున్నారు, ఎవరి సరుకు ఎంత తిరగ్గొట్టాం అన్నదాన్ని బట్టి నూటికి ఇన్నని మార్కులు వేసి, వాటిని బట్టి హోదా ఇస్తుంది. బాగా తక్కువొచ్చినవాళ్లకి కొనుగోలు ఆర్డర్లు ఇవ్వకుండా తనే అడ్డుపడుతుంది. ఇది ఉన్న సంగతి నాకు తెలియదు. ఇంట్లో కూరగాయలు తెచ్చేవాణ్ణి నేనొక్కణ్ణే అన్న సంగతి ఆవిడకి తెలుసు.

మర్నాడు ఆఫీసులో మీటింగు నడుస్తోంది. నా లాప్‌టాప్ తెరే గోడ మీద పెద్దగా పడుతోంది. ఆ తెర మూలన మెయిల్ వచ్చినట్టు చిన్న గడి తెరుచుకుంది. సరఫరాదారు: ఇంటాయన. పుచ్చు వంకాయలు, ముదురు బెండకాయలు, చెప్పిన వేళకి రాకపోవడం. హోదా: వెరీ పూర్. తదుపరి కొనుగోలు ఆర్డర్లు నిలిపివేయబడినవి. గదిలో అందరూ చదివేదాకా ఆ గడి అక్కడే ఉంది. ఒక కుర్రాడు మర్యాదగా గొంతు సవరించుకుని, "సార్, ఈ టూల్ ఏది? మన వెండర్ల మీద వాడదాం" అన్నాడు.

లోపలికి వెళ్లి సరిచేద్దామంటే బయటినుంచి సర్వర్ అందదు. మెయిల్‌కి గట్టిగా జవాబు రాశాను. పోయిన వారం వంకాయలు నావి కావని, అవి మా బావమరిది తెచ్చినవని ఆధారాలతో సహా రాశాను. పంపాక గుర్తొచ్చింది, ఆ చిరునామాకి జవాబులు చేరవు.

సాయంత్రం దారిలో రైతుబజారుకి వెళ్లాను. వంకాయలు ఒక్కొక్కటీ తొడిమ దగ్గర తిప్పి చూసి ఏరాను. బెండకాయల కొసలు విరిచి చూశాను. మా ఆవిడ గుమ్మం దగ్గర ఎదురొచ్చింది.

"పీఓ నంబరు?" అంది.

లేదన్నాను. సంచీలోకి తొంగి చూసి, పైన ఉన్న కరివేపాకు రెబ్బలు రెండూ తీసుకుంది.

"వీటికి అక్కర్లేదు" అని లోపలికి వెళ్లింది.